మహేంద్రగిరి – పండ్రెండు మాసముల యాత్ర

ఆర్యపల్లి సముద్రతీరమున తెలుగు మాటాడు జాలరి కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. అట్టి కుటుంబముల పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పు పనిలో నేనుండగా, ఒకనాడు ఏడవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టారండీ! మనవాళ్లు ఈ ఒడిశాకి ఎప్పుడొచ్చినారు?" అని అడిగినాడు. వాని ప్రశ్నలో తప్పు లేదు. అంగళ్లపై పలకలు, బస్సులపై ఊళ్ల పేర్లు, కచేరీ కాగితములు అన్నియు ఒడియాలో నుండగా, తన యింటి మాట మరియొక చోటినుండి వచ్చినదని ఆ పసివాడు తలచుట సహజమే. ఆనాడు వానికి 1936వ సంవత్సరమును గూర్చి చెప్పితిని. వాడు తల యూపి కూర్చుండెను గాని, వానికి తృప్తి కలిగినట్లు నాకు తోపలేదు. తేదీ చెప్పిన చాలదు. చేతితో తాకి చూడదగిన వస్తువొకటి చూపవలెను. అట్టిది మన ఆర్యపల్లికి నైరృతి దిశగా, సరళరేఖలో కొలిచినచో సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్నది. అదియే మహేంద్రగిరి.

మన గంజాము ప్రాంతపు తెలుగువారికి మహేంద్రగిరి పేరు క్రొత్త కాదు. శివరాత్రినాడు వేలకొలది జనులు కొండ నెక్కి, జాగరణము చేసి, మరునాడు దిగి వత్తురు. ఆ భక్తిని నేను తక్కువ చేయుట లేదు. కాని ఏటికొక్క రాత్రి, చీకటిలో, జనసమ్మర్దములో చూచిన కొండను మనము ఎరుగుదుమని చెప్పజాలము. తక్కిన మాసములలో పగటి వెలుతురున అచ్చటికి పోయి, రాళ్లపై నున్నదానిని చదివి, చదివినదానిని పిల్లలకు చెప్పినప్పుడే అది మనకు తెలిసిన కొండ యగును. ఈ వ్యాసమున ఆ కొండ స్వరూపమును, దానిని గూర్చిన ప్రాచీన ప్రశస్తిని, అచ్చటి దేవాలయ శాసనములను, యాత్రికులు పాటింపవలసిన విషయములను క్రమముగా వివరింతును.

కొండ స్వరూపము

తూర్పు కనుమలలోని మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరము నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో నున్నది. ఈ జిల్లా 1992 అక్టోబరు 2వ తేదీన పూర్వపు గంజాము జిల్లానుండి విడదీయబడినది. కొండకు తూర్పు దిగువన ఆంధ్రప్రదేశమందలి శ్రీకాకుళము జిల్లాలోని మందస గ్రామమున్నది. అనగా తల యొక రాష్ట్రమున, పాదము మరియొక రాష్ట్రమున ఉన్న కొండ యిది.

దీని విశేషమంతయు సముద్రముతోడి సామీప్యమున నున్నది. బారువ తీరమునుండి శిఖరమునకు సరళరేఖలో సుమారు 25 కిలోమీటర్లు మాత్రమే. ఇంత స్వల్ప దూరములో నేల కిలోమీటరున్నర ఎత్తు లేచినది. ఎత్తు పెరిగిన కొలది గాలి చల్లబడును. వేయి మీటర్లకు ఇంచుమించు 6 డిగ్రీలు తగ్గునని లెక్క. కావున తీరమున ఉక్కపోతతో చెమటలు గ్రమ్ము దినమున శిఖరముపై సుమారు 9 డిగ్రీలు చల్లగా నుండును. సముద్రపు తడిగాలి కొండవాలు నెక్కుచు చల్లబడి, మంచుగను మేఘముగను మారి శిఖరమును కప్పును. ఉదయము తేటగా కనిపించిన దేవాలయము గడియలో కనుమరుగగుట ఇందుచేతనే.

ఈ కొండ నీటిని రెండు దిక్కుల కిచ్చుచున్నది. మహేంద్రతనయ యను పేరుతో రెండు ఏరులు ఇచ్చట పుట్టుచున్నవి. ఒకటి పర్లాకిమిడి మీదుగా పోయి వంశధారలో కలియును. రెండవది సోంపేట ప్రాంతమును తడిపి బారువ వద్ద సముద్రమును చేరును. కొండవాలులందు సవరలు అనాదిగా నివసించుచున్నారు. ఇచ్చటి వృక్షజాతుల వైవిధ్యమును గుర్తించి 2022లో ఒడిశా ప్రభుత్వము మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది.

రెండు మహేంద్రములు

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. హనుమంతుడు లంకకు లంఘించిన మహేంద్రము ఇదియేనని మనవారు కొందరు చెప్పుదురు. రామాయణ కథను బట్టి ఆ కొండ దక్షిణ సముద్రము చెంత నుండవలెను. తమిళనాడులో తిరునల్వేలి దిక్కున, కన్యాకుమారికి చేరువలో మహేంద్రగిరి యను పేరుగల వేరొక కొండ కలదు. నేడు అచ్చట రాకెట్టు యంత్రములను పరీక్షించు ఇస్రో కేంద్రము పనిచేయుచున్నది. మన మహేంద్రము కళింగ మహేంద్రము. భారతమున పరశురాముడు తపస్సు చేసినదియు, అరణ్యవాస కాలమున పాండవులు తీర్థయాత్రలో దర్శించినదియు ఈ కళింగ మహేంద్రమే. దేవాలయములకు పాండవుల పేర్లు వచ్చుటకు ఈ కథయే మూలము కావచ్చును.

పురాణములను ప్రక్కనుంచినను ఈ కొండ ప్రసిద్ధికి ఆధారములు కొరవడవు. క్రీస్తుశకము 2వ శతాబ్దికి చెందిన నాసిక గుహాశాసనమున గౌతమీ బలశ్రీ తన కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణిని అనేక పర్వతములకు అధిపతిగా వర్ణించినది. ఆ జాబితాలో మహేంద్రము కలదు. 4వ శతాబ్దికి చెందిన సముద్రగుప్తుని అలహాబాదు స్తంభశాసనమున పిష్టపురమును, అనగా మన పిఠాపురమును చెప్పిన చోటనే మహేంద్రగిరి యను మాట యున్నది. అది కొండ పేరా, రాజు పేరా యని పండితులలో వివాదము కలదు. కాళిదాసు రఘువంశములో రఘుమహారాజు మహేంద్రనాథుని జయించి, అతని సంపదను మాత్రము గైకొని, రాజ్యమును తిరిగి యిచ్చివేసెనని 4వ సర్గలో చెప్పినాడు. ఉత్తర దేశపు కవికి సైతము కళింగమనగానే ఈ కొండ మనసునకు వచ్చెనన్నమాట.

దేవాలయములు

కొండపై ముఖ్యముగా మూడు దేవాలయములు కలవు. వానిని జనులు భీమ, యుధిష్ఠిర, కుంతీ దేవాలయములందురు. ఈ పేర్లు వ్యవహారమున వచ్చినవే గాని, ఇవి వాస్తవముగా శైవాలయములు. శిల్పరీతిని బట్టి భీమ దేవాలయము తక్కిన రెంటికంటె ప్రాచీనమని చరిత్రకారుల యభిప్రాయము. అది చిన్నది, కాని దానిలోని రాళ్లు చిన్నవి కావు. సున్నము గాని బంక గాని లేక, మహాశిలలను ఒకదానిపై నొకటి పేర్చి దానిని కట్టినారు. ఇంతటి బండలను మనుష్యమాత్రుడు ఎత్తజాలడని తలచిన జనులు దానికి భీముని పేరు పెట్టుటలో ఆశ్చర్యము లేదు. రాతి బరువే అతుకు. ఆ బరువుచేతనే గాలివానలకు, భూమి కదలికలకు ఓర్చి నేటికిని నిలిచియున్నది.

కుంతీ దేవాలయము శిఖరమునకు దిగువన చెట్ల గుబురులో నున్నది. అచ్చటి శివుని గోకర్ణేశ్వరుడని పిలుతురు. ఈ పేరే మనలను గంగరాజుల చరిత్రలోనికి కొనిపోవును.

గోకర్ణస్వామి, గంగరాజులు

తూర్పు గంగరాజులు 5వ శతాబ్ది చివరినుండి కళింగమును పాలించిరి. క్రీస్తుశకము 498 ప్రాంతమున మొదలైన గంగశకము వారిది. వారి రాజధాని కళింగనగరము. వంశధారా తీరమందలి ముఖలింగమే ఆ నగరమని విద్వాంసులు నిర్ణయించిరి. ఈ రాజులు బ్రాహ్మణులకు భూములిచ్చి వ్రాయించిన రాగి రేకులలో, మహేంద్రాచల శిఖరమున వెలసిన గోకర్ణస్వామి పాదములకు మ్రొక్కి, ఆ దేవుని దయచేతనే తాము రాజ్యము చేయుచున్నామని తరచుగా చెప్పుకొనిరి. రాజు ముఖలింగమున నుండియు తన కులదైవము కొండపై నున్నాడని దానపత్రములందు తరచుగా స్మరించుట గమనింపదగినది.

ఈ వంశమున జన్మించిన అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో పట్టాభిషిక్తుడయ్యెను. ఇతని తల్లి చోళ రాజపుత్రి. ఇతడు రాజ్యమును ఉత్తరముగా విస్తరించి, 12వ శతాబ్దిలో పూరీ జగన్నాథుని మహాలయమునకు పూనుకొనెను. ఆ రాజు కాలమునాటి తెలుగు శాసనములే ముఖలింగమున కలవు. శ్రీకూర్మమునను తెలుగు శాసనములు పెక్కులు కలవు. సింహాచలమున తెలుగు, ఒడియా రెండును కనబడును. పూరీలో శ్రీమందిరమును మొదలిడిన రాజు కాలముననే ముఖలింగమున తెలుగున దానశాసనములు వ్రాయబడినవను సత్యము మన పిల్లలకును, మన ఒడియా ఇరుగుపొరుగు పిల్లలకును సమముగా తెలియవలసినది.

చోళుల పులి, పాండ్యుల చేపలు

కొండపై చూడవలసిన మరియొక వస్తువు రాజేంద్రచోళుని శాసనము. 11వ శతాబ్ది పూర్వార్ధమున చోళ సైన్యము ఇంత దూరము వచ్చినది. కులూత దేశపు రాజైన విమలాదిత్యుని ఓడించి మహేంద్ర శిఖరమున జయస్తంభము నాటితిమని సంస్కృతమునను తమిళమునను ఇచ్చట చెక్కించిరి. కులూత మెక్కడిదో తేల్చుటలో చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. శాసనమునకు తోడుగా చోళుల లాంఛనమగు పులియు, పాండ్యుల లాంఛనమగు రెండు చేపలును చెక్కబడినవి. పాండ్యులను లోబరచుకొన్న చోళులు వారి చిహ్నమును గూడ తమ చిహ్నము చెంత నిలుపుకొనిరి.

ఇచ్చట ఒక విషయము నిర్మొగమాటముగా చెప్పవలెను. మహేంద్రగిరి తెలుగువారిది మాత్రమే యని చెప్పుటకు ఆధారము లేదు. విజయశాసనము సంస్కృతమున, తమిళమున నున్నది, కొండవాలులు సవరలవి, శిఖరము ఒడిశాలో నున్నది, పాదమున తెలుగు పల్లెలున్నవి. ఈ కొండను ఏ యొక్క భాషవారును తమదిగా కట్టుకొనజాలరు. కాని, అందరి చరిత్రలోను భాగమైన కొండ మన చరిత్రలోను భాగమే. "ఇది మనదే" యనుటకు గాక, "ఇందు మనమును ఉన్నాము" అనుటకు ఈ కొండ సాక్ష్యము.

1936, గిడుగువారు

బాలుని ప్రశ్నకు వత్తము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినది. అంతవరకు మద్రాసు రాజధానిలో నుండిన గంజాము జిల్లా రెండుగా పంచబడినది. బరంపురము, ఛత్రపురము ఒడిశాకు పోయినవి. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి మద్రాసులో నిలిచినవి. బ్రతుకుతెరువునకై తరువాత వచ్చినవారు మనలో లేకపోలేదు. కాని పెక్కు కుటుంబములవారు ఎక్కడినుండియు రాలేదు. వారున్న జిల్లా పంపకమున ఒడిశా వాటాకు వచ్చినది. ఇది ఒడియా సోదరులపై ఫిర్యాదు కాదు. వారు తమ భాషకు ఒక రాష్ట్రము కోరిరి. తరువాత మనమును అదియే కోరితిమి.

ఈ సందర్భమున ఒక ఉపాధ్యాయుని స్మరింపక తప్పదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిరి. ముఖలింగములోని శాసనములను తమంత తాము చదువ నేర్చిరి. గంగరాజుల నడగాము తామ్రశాసనమును ప్రకటించి, కళింగనగరము ముఖలింగమేనని వాదించినవారు వారే. సవరల భాషను వారియొద్దనే నేర్చి, వారికై పాఠశాలలు పెట్టి, 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. జిల్లా విభజన జరిగిన 1936లో పర్లాకిమిడిని వీడి రాజమహేంద్రవరము చేరిరి. వారు కొండమీది శాసనమును, కొండవాలు భాషను, దిగువ తెలుగును ఒకే శ్రద్ధతో చూచిరి. మనము వారిని వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా మాత్రమే తలచుచున్నాము. ఇరుగుపొరుగు భాషలను గౌరవించిన ఉపాధ్యాయునిగా తలచుట మన వంటివారికి మరింత అవసరము.

దూరదేశపు కొండ యొకటి

కొండను ఊరివారు ఏడాది పొడవున వాడుకొనుటకు అమెరికాలో ఒక మంచి ఉదాహరణము కలదు. కొలరాడో రాష్ట్రమున రాకీ పర్వతముల నడుమ స్టీంబోట్ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణమున్నది. ఊరిని ఆనుకొని హోవెల్సెన్ అను కొండ కలదు. చలికాలమున అచ్చటివారు పాదములకు పొడవైన సన్నని పలకలు కట్టుకొని మంచుపై జారుదురు; వానినే స్కీలందురు. 1913లో ఆ ఊరికి వచ్చిన కార్ల్ హోవెల్సెన్ నార్వే దేశస్థుడు, వృత్తిచేత రాతిపనివాడు. అతడు ఊరి పిల్లలకు స్కీలపై జారుటయు గెంతుటయు నేర్పినాడు. 1914లో శీతకాలపు తిరునాళ్ల మొదలుపెట్టించినాడు. 1915లో కొండపై గెంతుడు వేదిక కట్టినాడు. 1922లో స్వదేశమునకు మరలిపోయినాడు గాని, ఊరివారు ఆ కొండకు అతని పేరునే ఉంచిరి. ఉత్తర అమెరికాలో విరామము లేక నడచుచున్న స్కీ కొండలలో అదియే ప్రాచీనమైనదని ప్రసిద్ధి. కొండ పట్టణపు ఉమ్మడి ఆస్తి. మంచు కరగిన మాసములలో అచ్చటనే నడకలు, సైకిలు సవారీలు, పశువుల కాపరుల పోటీలు జరుగును. బడిపిల్లలకు అది ఆటస్థలము.

మన కొండపై మంచు పడదు. స్కీలు మనకు అక్కరలేదు. మనము నేర్వవలసినది వేరొకటి. ఆ కొండ బ్రతికియుండుటకు కారణము దాని యెత్తు గాదు, అందము గాదు. పిల్లలు ప్రతి ఋతువునందును దాని నెక్కుచుండుటయే. మరియొక భాషవాడు తెచ్చిన విద్యను ఊరు తనదిగా చేసికొనుటయు మనకు ఆలోచింపదగిన విషయమే.

యాత్రికులకు

ఆర్యపల్లి, ఛత్రపురము, బరంపురముల నుండి పోవువారు పర్లాకిమిడి మీదుగా కొయిన్‌పురము చేరినచో, అచ్చటినుండి కొండపైకి మోటారు బాట కలదు. మందస వైపునుండి కాలిబాట కలదు. అది దేహదార్ఢ్యము గలవారికే తగినది, తెలిసినవాడు తోడు లేనిదే పోరాదు. కార్తీకమునుండి మాఘము వరకు ఆకాశము తేటగానుండి చూపు దూరము సాగును. వర్షాకాలమున కొండ పచ్చగా అతి మనోహరముగా నుండును గాని, జారుడును పిడుగుపాటు భయమును కలవు. ఉరుము వినబడినచో శిఖరమును వెంటనే విడువవలెను. పిల్లలను కొనిపోవువారు త్రాగునీరు, ఫలాహారము, ఉన్నివస్త్రము వెంట నుంచుకొనవలెను. చీకటి పడకముందే దిగుట మేలు.

శాసనముల విషయమున మూడు జాగ్రత్తలు. అక్షరములు స్పష్టముగా కనబడుటకని సుద్దముక్కతో గాని బొగ్గుతో గాని పూయరాదు. పసుపు, కుంకుమ, నూనె గర్భగుడిలోని దేవునికి సమర్పింపవలసినవే గాని శాసనశిలకు గాదు. ఉదయమున గాని సాయంకాలమున గాని ఏటవాలు వెలుతురు రాతిపై పడునప్పుడు అరిగిన గీతలు తమంత తామే తేలివచ్చును. అదియే చదువుటకు తగిన వేళ. ఇక సవర పల్లెలగుండ పోవునప్పుడు అడుగక ఫోటోలు తీయుట, శివరాత్రి మరునాడు కొండవాలున ప్లాస్టిక్ సంచులు వదలి వచ్చుట మనకు గౌరవము కాదు. ఆ నీరే దిగువనున్న మనవారు త్రాగు నీరు.

గత మార్గశిరమున మా పాఠశాల పిల్లలు పండ్రెండుగురితో నేను కొండకు పోయితిని. ప్రశ్న వేసిన బాలుడు వారిలో నుండెను. శాసనము ముందు నిలిచి నేను పులిని చూపుటకు ప్రయత్నించుచుండగా, వాడు దానికంటె ముందుగా చేపలను గుర్తించి, "మాస్టారండీ, చేపలు! ఇక్కడెవరు చెక్కినారు?" అని కేక వేసెను. జాలరి బిడ్డ కన్ను మొదట చేపమీదనే పడినది. పాండ్యుల కథ, చోళుల కథ చెప్పుచు మేము గడియసేపు అచ్చటనే కూర్చుంటిమి. దిగివచ్చునపుడు వాడు అడిగినది, "ఆ అక్షరాలు మనం చదవడం నేర్చుకోవచ్చునా?" అని.

నేర్చుకొనవచ్చును. కాని అందులకు పుస్తకము కావలెను. మహేంద్రగిరి, ముఖలింగము, బారువ ఈ మూడు చోట్లను కలిపి, శాసనముల తాత్పర్యమును ఒక పుట తెలుగునను ఎదుటి పుట ఒడియాలోను ముద్రించిన చిన్న పుస్తకమొకటి ఉన్నచో, మన పిల్లలును పొరుగువారి పిల్లలును కలిసి ఆ కొండ నెక్కగలరు. సవర పెద్దలను అడిగి కొండలకు, చెట్లకు వారి పేర్లను గూడ అందు చేర్చిన ఇంకను మేలు. ఇది పెద్ద వ్యయముతో కూడిన పని గాదు. నలుగురు ఉపాధ్యాయులు ఒక వేసవి సెలవులలో చేయగలిగినది. మన సంఘములు ఈ కార్యమును చేపట్టవలెననియు, ప్రతి పాఠశాలయు ఏటికి ఒక్కమారైనను శివరాత్రి గాని దినమున పిల్లలను మహేంద్రగిరికి కొనిపోవలెననియు ఆంధ్ర సోదర సోదరీమణులకు నా మనవి.